ఆరు కేజీల పైపు

మా కొట్టులో గల్లాపెట్టె వెనక గోడకు ఒక చెక్క పలక బిగించి ఉంటుంది. దాని మీద ఎనిమిది మేకులు, ఒక్కో మేకుకు జానెడు పైపు ముక్క. బూడిద రంగుది, తెల్లది, మీగడ రంగుది, నీలంది, చేత్తో వంచితే వంగే పచ్చది, కరెంటు పనికి వాడే సన్నది, డ్రైనేజీకి వాడే లావుది. ఎనిమిదోది విరిగిన ముక్క. తాడిపత్రిలో ముప్పై ఏళ్లుగా పైపులూ మోటార్లూ అమ్ముతున్నాను. సరుకు కోసం ఎవరొచ్చినా ముందు ఆ ముక్కలు చేతికిస్తాను. ధర సంగతి తర్వాత మాట్లాడుకుంటాం.

ఆ పలక పెట్టడానికి కారణం పుట్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చీనీ తోటకని రెండించీల ఆరు కేజీల పైపులు ఇరవై లెంతులు పట్టుకెళ్లాడు. మర్నాడు పొద్దున్నే అందులో ఒకటి ట్రాక్టర్లో వేసుకుని తిరిగొచ్చాడు. కోపం లేదు, బాధగా ఉన్నాడు.

"అమ్మా, ఆరు కేజీలని చెప్తివి. కాటా మీద పెడితే నాలుగు కూడా లేదు. ఇది న్యాయమేనా?"

ఆయన తప్పేం లేదు. కేజీ అన్న మాట వింటే ఎవరికైనా తూకమే గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి ఆ మాటతోనే సరుకు అమ్ముతున్నాం గానీ దాని అర్థం కొనేవాళ్లకు విడమరిచి చెప్పింది లేదు. ఆ రోజు ఆయన్ను కూర్చోబెట్టి చెప్పాను. అప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

పైపు మీద రాసే కేజీ ఒత్తిడి లెక్క. చిటికెన వేలి గోరంత జాగా, అంటే దాదాపు ఒక చదరపు సెంటీమీటరు మీద, లోపలి నీళ్లు ఆరు కిలోల బలంతో నెట్టినా ఆ పైపు ఓర్చుకుంటుందని అర్థం. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీళ్లు అడుగున ఒక కేజీ ఒత్తిడి పెడతాయి. ఆ లెక్కన ఆరు కేజీల పైపు 60 మీటర్లు, మన మాటల్లో దాదాపు 200 అడుగుల ఎత్తు నీళ్లను మోయగలదు. ఈ గట్టి పైపులకు భారత ప్రమాణం ఐఎస్ 4985. అందులో 2.5, 4, 6, 8, 10, 12.5 కేజీలని తరగతులున్నాయి. బోరు దగ్గర తొట్టి కట్టుకుని అక్కణ్నుంచి పల్లానికి పారించుకునేవాళ్లకు 4 కేజీల పైపు చాలు. మోటారుతో నేరుగా మిట్ట చేనుకు ఎక్కించాలంటే 6 ఉండాలి, ఒక్కోసారి 10 కావాలి.

ఇంకో రెండు సంగతులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. నడుస్తున్న మోటారు కరెంటు పోయి ఆగిపోతే ఎత్తుకెక్కిన నీళ్లు వెనక్కి దూకి పైపును గుద్దుతాయి. వాల్వు ఒక్కసారిగా మూసినా అంతే. ఆ క్షణంలో పడే ఒత్తిడి మామూలు ఒత్తిడికి ఎన్నో రెట్లుంటుంది. రెండోది ఎండ. ప్రమాణంలో చెప్పిన బలం 27 డిగ్రీల వేడి దగ్గర లెక్కగట్టింది. మా దగ్గర ఏప్రిల్‌లో నేల మీద పడి ఉన్న పైపును తాకితే చెయ్యి చురుక్కుమంటుంది. పైపు వేడెక్కే కొద్దీ దాని ఓర్పు తగ్గుతుంది. అందుకే కాలువ తవ్వి మూడడుగుల లోతున పూడ్చమని చెబుతాను. పూడ్చిన పైపు ఎండ దెబ్బకు పెళుసెక్కదు, నాగలికీ ట్రాక్టరుకీ తగలదు.

ఒకే పిండి, రకరకాల వంటలు

పలక మీద ముక్కలన్నీ పీవీసీయే అంటే చాలామంది నమ్మరు. బోరులో దింపే నీలం పైపూ, చేతికి చుట్టుకునే పచ్చ పైపూ ఒకటెలా అవుతాయని అడుగుతారు. మా సీమ వాళ్లకు చెప్పడం తేలిక. రాగి పిండి ఒకటే. గట్టిగా గెలికితే సంగటి, పలచగా కాస్తే అంబలి, తట్టి కాలిస్తే రొట్టె. ఎంత నీళ్లు పోశాం, ఏం కలిపాం, ఎలా వండాం అన్నదే తేడా. పీవీసీ కూడా అలాంటి పిండే.

దాని పూర్తి పేరు పాలీ వినైల్ క్లోరైడ్. బరువులో 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ మనం కూరలో వేసుకునే ఉప్పు నుంచే వస్తుంది. మిగతా 43 శాతం కార్బన్, హైడ్రోజన్. అవి పెట్రోలియం నుంచో సహజవాయువు నుంచో తీసిన ఇథిలీన్ ద్వారా వస్తాయి. బకెట్లకీ సంచులకీ వాడే ప్లాస్టిక్కులు దాదాపు మొత్తంగా చమురు బిడ్డలైతే, పీవీసీలో సగానికి పైగా ఉప్పు వాటా.

దీన్ని మొదట చూసినవాళ్లు కావాలని చేసింది కాదు. 1872లో యూజెన్ బామన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, సీసాలో వినైల్ క్లోరైడ్ వాయువు ఎండకు పడి ఉంటే తెల్లటి గట్టి పదార్థంగా పేరుకోవడం గమనించాడు. అది దేనికి పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తోచలేదు. కరిగిద్దామని వేడి చేస్తే విరిగి ఆమ్లపు వాయువు కక్కేది. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీలో వాల్డో సెమన్, రబ్బరును ఇనుముకు అతికించే జిగురు కోసం వెతుకుతూ పీవీసీని కొన్ని ద్రవాలతో కలిపి కాచాడు. జిగురు రాలేదు గానీ సాగే, వంగే, నీళ్లు తాగని మెత్తటి ముద్ద చేతికొచ్చింది. గట్టి పీవీసీతో పైపులు చేసి భూమిలో వేయడం 1930లలో జర్మనీలో మొదలైంది. ఆ కాలంలో వేసినవాటిలో కొన్ని దశాబ్దాలు గడిచినా పనిచేస్తూనే ఉన్నాయి.

మా ప్రాంతానికి ఈ పైపు దగ్గర చేసింది నంద్యాల. ఎస్.పి.వై. రెడ్డి గారు వరంగల్ ఆర్ఈసీలో ఇంజినీరింగ్ చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసి, 1977లో ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టారు. తర్వాత నంది పైపులతో ఊరూరా తెలిశారు. నంద్యాల నుంచి మూడుసార్లు ఎంపీగా గెలిచినా జనం నోట ఆయన 'పైపుల రెడ్డి'గానే ఉన్నారు. మా తాత కపిల తోలి నీళ్లు పారించిన మనిషి. మట్టి కాలువలో సగం నీళ్లు దారిలోనే ఇంకిపోయేవని చెప్పేవాడు. ఎడ్లబండి మీద వేసుకెళ్లగలిగినంత తేలికైన పైపు చవగ్గా దొరకడం ఆ తరానికి ఎంత పెద్ద సంగతో ఆయన మాటల్లోనే నాకు తెలిసింది.

పెళ్లయి కొట్టులో కూర్చున్న కొత్తలో డీలర్లందరితో పాటు ఒక పైపుల ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లాను. పీవీసీ అక్కడికి సంచుల్లో తెల్లటి పొడిగా వస్తుంది, వేళ్ల మధ్య రుద్దితే బియ్యప్పిండిలా జారిపోతుంది. దాన్ని ఒక్కదాన్నే వేడి చేస్తే మాడిపోతుంది. అందుకని వేడికి విరగకుండా కాపాడే స్టెబిలైజరు, ఎండను తట్టుకోవడానికి టైటానియం డయాక్సైడు, మర నుంచి జారడానికి కాస్త మైనం లాంటిది, కొంచెం సుద్దపొడి, రంగు కలిపి పెద్ద గంగాళంలో తిప్పుతారు. ఆ పిండి మరలోకి పోయి, లోపల తిరిగే జంట మరల మధ్య 180 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ముద్దవుతుంది. గుండ్రటి అచ్చులోంచి జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు బయటికొచ్చి, నీళ్ల తొట్టిలో చల్లారి గట్టిపడుతుంది. అటు చివర రంపం 6 మీటర్లకొకసారి కోస్తూ ఉంటుంది. ఆగకుండా పుట్టుకొస్తున్న పైపు మీద ఒక చిన్న యంత్రం అక్షరాలు అచ్చు వేస్తూ పోతుంది. ఆ అక్షరాల వరుస సంగతి చివర్లో చెబుతాను.

గట్టి రకాలు

మెత్తబరిచే నూనె ఏదీ కలపకుండా చేసింది గట్టి పీవీసీ. దీన్నే యూపీవీసీ అంటారు. ఆ 'యూ' అంటే మెత్తబరచనిదని అర్థం. చేలల్లో వేసే బూడిద రంగు పైపు ఇదే. ఇళ్లల్లో చన్నీళ్లకు వాడే తెల్ల పైపూ, కిటికీలకు వాడే చట్రమూ, బాత్రూమ్ తలుపూ, వంటింటి అలమరాలకు వాడే ఫోమ్ బోర్డూ ఈ కుటుంబమే. ఫోమ్ బోర్డులో లోపల గాలి బుడగలుంటాయి కాబట్టి తేలిగ్గా ఉంటుంది. చెద పట్టదు, నానదు.

నీలం ముక్క కేసింగ్ పైపు. దీనికి ఐఎస్ 12818 అని వేరే ప్రమాణం ఉంది. ఇది లోపలి నీళ్లకంటే బయటి మట్టి నెట్టుకు ఓర్చుకోవాలి. అందుకని మందంగా, చివర్లు మరలతో చేస్తారు. 80 మీటర్ల లోతు వరకు సీఎస్ రకం, అంతకు మించి 250 మీటర్ల వరకు సీఎమ్ రకం. మా దగ్గర బోర్లలో పైనున్న మెత్తటి మట్టి దాటి గట్టి రాయి తగిలే వరకే కేసింగ్ దింపుతారు. కొందరు ఖర్చు తగ్గుతుందని కేసింగ్‌కి బదులు చేను పైపే దింపుతారు. రెండో వానాకాలానికి మట్టి నెట్టుకొచ్చి పైపు నొక్కుకుపోతుంది. మోటారు లోపలే చిక్కుతుంది. అప్పుడు పోయేది పైపు ఖరీదు ఒక్కటే కాదు, బోరూ మోటారూ రెండూ పోతాయి.

లావు ముక్క డ్రైనేజీది, ఐఎస్ 13592. ఇందులో ఏ, బీ అని రెండు రకాలు. 'ఏ' రకం గోడ పలచన, మిద్దె మీది వాన నీళ్లకూ గాలి గొట్టాలకూ సరిపోతుంది. 'బీ' రకం మందం, మరుగుదొడ్డికీ వంటింటి వాడుక నీళ్లకూ ఇదే వేయాలి. రంగు ఒకటే కావడంతో చూడగానే తేడా తెలియదు. గోడలో పూడ్చేశాక పలచటిది పగిలితే మళ్లీ గోడ తవ్వాల్సిందే. ఈ రెండక్షరాల తేడాకే ఎంతోమంది ఇళ్లలో టైల్సు పగలగొట్టించుకున్నారు.

మీగడ రంగు ముక్క సీపీవీసీ. పీవీసీకి మరికాస్త క్లోరిన్ పట్టిస్తే 57 శాతం కాస్తా 63 దాటి 69 దాకా పెరుగుతుంది. ఆ కొంచెం తేడాకే వేడి ఓర్పు మారిపోతుంది. మామూలు పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. సీపీవీసీ 93 డిగ్రీల దాకా నిలుస్తుంది. గీజర్లో నీళ్లు 60, 70 డిగ్రీలకు కాగడం మామూలే. మా బంధువులింట్లో ప్లంబరు ఖర్చు మిగులుతుందని గీజరు నుంచి కుళాయి దాకా తెల్ల పైపు వేశాడు. చలికాలం మొదలైన వారానికే పైపు మధ్యలో కిందికి జారి, ఎల్బో నుంచి ఊడింది. ఆ ఇంటి ముసలామె అప్పుడే స్నానం ముగించి బయటికొచ్చింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి గీజరు అన్న మాట వినపడితే నేను మీగడ రంగు ముక్క తీసి చేతిలో పెడతాను. దాని మీద ఐఎస్ 15778 అని ఉంటుంది.

కరెంటు గొట్టం కూడా గట్టి పీవీసీయే. ఇందులోని క్లోరిన్ మంటను పాకనివ్వదు. నిప్పు పెడితే కాలుతుంది, నిప్పు తీసేస్తే ఆరిపోతుంది. కరెంటు పనికి దీన్ని ఎంచుకోవడానికి అదొక కారణం.

అతికించే పద్ధతి

మంచి పైపు కూడా అతుకు దగ్గరే ఓడిపోతుంది. సొల్యూషన్ డబ్బాలో ఉన్నదాన్ని అందరూ బంక అనుకుంటారు. నిజానికి అది పైపు పైపొరనీ ఎల్బో లోపలి పొరనీ కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలూ ఒకదాంట్లో ఒకటి కలిసి, ద్రవం ఆవిరయ్యాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. ఇనుముకు వెల్డింగ్ ఎలాగో దీనికిది అలాగ.

పని తెలిసిన మేస్త్రీ చెయ్యి చూస్తే తెలుస్తుంది. పైపును అడ్డంగా నిటారుగా కోస్తాడు. కోసిన అంచుకు వేలాడే పొట్టును కత్తితో గీకేస్తాడు. పొడి గుడ్డతో తుడుస్తాడు. ఎల్బోలో ఎంత లోపలికి పోవాలో పెన్సిలుతో గీత పెట్టుకుంటాడు. రెండు వైపులా పలచగా రాసి, తోసి, పావు వంతు తిప్పి, ముప్పై లెక్కపెట్టేదాకా పట్టుకుని వదులుతాడు. వదిలిన వెంటనే మోటారు వెయ్యడు. సీపీవీసీకి సీపీవీసీ సొల్యూషనే వాడతాడు.

పల్లెల్లో ఇంకో అలవాటుంది. కప్లరు ఖర్చు తప్పించడానికి పైపు చివరను వరిగడ్డి మంట మీద కాచి, మెత్తబడ్డాక ఇంకో పైపు అందులోకి దూర్చేస్తారు. మంట మీద కాగిన చోట గోడ పలచనవుతుంది, ఒక పక్క మాడుతుంది. ఆ పొగ పీల్చిన మనిషికీ మంచిది కాదు. పగుళ్లు వచ్చేది చాలాసార్లు అక్కడే. కప్లరు ధర ఒక పూట కూలి కంటే తక్కువని చెబుతుంటాను.

మెత్తటి రకాలు

పచ్చ ముక్కకు వద్దాం. పొడిలో మెత్తబరిచే నూనె లాంటి ద్రవం పోస్తే గట్టి పీవీసీ తోలులా, రబ్బరులా మారుతుంది. ఎంత పోస్తే అంత మెత్తన. ఒక్కోసారి బరువులో మూడో వంతు దాకా ఆ ద్రవమే ఉంటుంది. తోటకు నీళ్లు పట్టే గొట్టం, కరెంటు తీగ మీది తొడుగు, ఆటో పైకప్పు రెగ్జిన్, బస్సు సీటు, వానబూట్లు, నేల మీద పరిచే వినైల్ షీటు, ఊరి సెంటర్లో వేలాడే ఫ్లెక్సీ గుడ్డ మీది పూత అన్నీ ఈ రకమే.

ఈ ద్రవం పీవీసీతో గట్టిగా ముడిపడి ఉండదు, మెల్లమెల్లగా బయటికి వస్తుంది. మా చిన్నోడు ఎండాకాలం సెలవుల్లో జామెట్రీ బాక్సు మూసి పడేశాడు. బడి తెరిచాక తీస్తే లోపల రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి ఉంది. పీకితే స్కేలు మీద గుంట పడింది. తెల్లటి పెన్సిలు రబ్బర్లు చాలావరకు మెత్తటి పీవీసీవే. అందులోని నూనె స్కేలులోకి పాకి దాన్ని కరిగించింది. పాత నీళ్ల గొట్టం ఐదారేళ్లకు బిరుసెక్కి పగలడానికీ, కొత్త రెగ్జిన్ వాసన రావడానికీ కారణం ఇదే.

ఈ ద్రవాల్లో ఎక్కువగా వాడేవి థాలేట్లు. వాటిలో కొన్ని పిల్లల హార్మోన్ల మీద ప్రభావం చూపుతాయన్న ఆందోళనతో బొమ్మల్లో వాటికి పరిమితులు పెట్టారు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆట బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వాసన కొట్టే మెత్తటి బొమ్మ కొనకండి. గుర్తు లేని బొమ్మను తిరునాళ్లలో చవగ్గా ఇచ్చినా వద్దనండి.

అదే మెత్తటి పీవీసీ ఇంకోచోట ప్రాణం నిలబెడుతోంది. పూర్వం రక్తాన్ని గాజు సీసాల్లో దాచేవాళ్లు. 1950 ప్రాంతంలో అమెరికా సర్జన్ కార్ల్ వాల్టర్ ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అది పగలదు, సూదితో గుచ్చకుండానే రక్తంలోని భాగాలను వేరు చేయవచ్చు. పైగా ఆ సంచిలోంచి ఊరే డీఈహెచ్‌పీ అనే థాలేటు ఎర్రకణాల పొరను గట్టిపరుస్తుంది. తగిన ద్రావణం కలిపితే ఎర్రకణాలను 42 రోజుల వరకు దాచుకోగలుగుతున్నాం. మన దేశంలో ఈ సంచుల పరిజ్ఞానాన్ని తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ అభివృద్ధి చేసింది. బొమ్మలో భయపెట్టిన పదార్థమే రక్తం సంచిలో మేలు చేస్తోంది. ఏది ఎక్కడ ఉండాలో తెలుసుకోమనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మంటలో వేయకండి

పీవీసీ మంచిచెడులు రెండూ చెప్పాలి. ఇది తయారయ్యే ముందటి రూపమైన వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకం. 1974లో అమెరికాలోని లూయీవిల్ ఫ్యాక్టరీలో పనివాళ్లకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చినట్టు బయటపడింది. ఆ తర్వాతే ఫ్యాక్టరీల్లో గాలి మీద కఠినమైన హద్దులు వచ్చాయి. తయారైన పైపులో ఆ వాయువు దాదాపు ఉండదు. కానీ ఆ ప్రాణాల మీదుగానే ఈ పైపు మన దాకా వచ్చిందన్నది మరవకూడదు.

రెండోది సీసం. వేడికి విరగకుండా కాపాడటానికి ఒకప్పుడు మన దేశంలో సీసపు స్టెబిలైజర్లు విస్తారంగా వాడేవారు. పిల్లల మెదడుకు సీసం హాని చేస్తుంది. 2021లో కేంద్ర పర్యావరణ శాఖ పైపుల్లో, ఫిట్టింగుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ నియమాలు తెచ్చింది. తాగునీటికి కొనేటప్పుడు సీసం లేనిదేనా అని అడగండి.

మూడోది మంట. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తుల తడికి తగిలి ఆమ్లమవుతుంది. డయాక్సిన్లు పుడతాయి, అవి ఏళ్ల తరబడి మట్టిలో, పాలల్లో, మన ఒంట్లో నిలిచిపోతాయి. పాత సామాన్ల దగ్గర పిల్లలు రాగి కోసం కరెంటు తీగలు కాలుస్తుంటారు. ఆ మంటకు పచ్చ అంచు కనబడుతుంది. రాగీ క్లోరినూ కలిసినందుకు వచ్చే రంగు అది. అందంగా ఉందని దగ్గర కూర్చుంటారు. కనబడితే లేపండి. భోగి మంటలో పాత చెప్పులు, రెగ్జిన్ సంచులు, గొట్టాల ముక్కలు వేసే ఇళ్లు నాకు తెలుసు. భోగికి చెక్కలూ పిడకలూ చాలు.

ఫ్లెక్సీల మీద పోరాటం మన రాష్ట్రం చూసిందే. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మందపువి ఇంకా వస్తూనే ఉన్నాయి. పండగ అయ్యాక రైతులు వాటిని గడ్డివాముల మీద, గేదెల కొట్టాల మీద కప్పుకుంటారు. కాల్చడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. గట్టి పైపు ముక్కలైతే పారేయాల్సిన పనే లేదు. వేడి చేస్తే మళ్లీ కరిగే ప్లాస్టిక్ ఇది. త్రికోణంలో 3 అంకె దీని గుర్తు. మా కొట్టు వెనక గోనెసంచిలో ముక్కలన్నీ పోగు చేసి పాత సామాన్ల వాళ్లకు ఇస్తాం. తాగునీటి పైపుల్లో మాత్రం అలా బయటి నుంచి వచ్చిన తుక్కు కలపకూడదు.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. బకెట్ నీళ్లలో ముక్క వేయండి. పీవీసీ మునుగుతుంది, నీళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. డ్రిప్పు కోసం చెట్ల పాదుల దగ్గర పరిచే నల్ల పైపు తేలుతుంది, అది పాలిథిన్. రెండూ కలిపి తుక్కుకు వేస్తే ఎవరికీ పనికిరావు.

ఎనిమిదో ముక్క

పైపు మీది కేజీ తూకం కాదని మొదట్లో చెప్పాను. అసలు తూకం చూసి పైపు కొననే కూడదు, దానికి కారణం ఇది. పైపులో సుద్దపొడి కొంచెం ఉండటం తప్పు కాదు. ప్రమాణం ప్రకారం చేసిన పైపు ఒక ఘన సెంటీమీటరుకు 1.40 నుంచి 1.46 గ్రాముల మధ్య తూగాలి. సుద్ద పీవీసీ కంటే చాలా బరువు, చాలా చవక. ఎక్కువ సుద్ద పోసిన పైపు కాటా మీద ఎక్కువే తూగుతుంది. రైతు సంతోషపడతాడు. ఒత్తిడి పడగానే గాజులా పగులుతుంది.

2003 ఎండాకాలం. వరసగా కరువు. మా పుట్టింటి చీనీ తోటకు మా నాన్న కొత్త లైను వేయించాడు. కూతురి కొట్టులో పైపులు తీసుకుంటే డబ్బు పుచ్చుకోరని, అల్లుడి ముందు చెయ్యి చాచినట్టుంటుందని, మాకు మాట కూడా చెప్పలేదు. ఊరి మీదికి లారీలో వచ్చిన పైపులు కొన్నాడు. తూచి చూసే కొన్నాడు. మా పైపుల కంటే బరువుగా ఉన్నాయట.

నెల తిరగకముందే పగలడం మొదలైంది. కరెంటు రాత్రిపూట వచ్చేది. నాన్న బోరు దగ్గర మోటారు వేసి టార్చిలైటు పట్టుకుని తోట చివరికి నడిచే లోపు, మధ్యలో ఎక్కడో నీళ్లు బుస్సుమనేవి. ఆ చోట కోసి అతికితే మర్నాడు ఇంకోచోట. పాదుల్లోకి చేరాల్సిన నీళ్లు దారిలో ఇసుకకు పోయాయి. మే నెలాఖరుకు రెండు వందల చెట్లలో ఎనభై దాకా ఎండిపోయాయి. తొమ్మిదేళ్ల చెట్లు. నేను వెళ్లేసరికి నాన్న వాటిని కొట్టించి కట్టెలు పేర్పిస్తున్నాడు. నన్ను చూసి, "పైపులు బాగా బరువుండాయమ్మా, నమ్మితిని" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు కాలవ గట్టున పడి ఉన్న ముక్క ఒకటి చీరకొంగులో చుట్టుకుని తెచ్చుకున్నాను. విరిగిన అంచు తెల్లగా, పలకల బలపం విరిచినట్టు ఉంటుంది. వేలితో రుద్దితే ఇప్పటికీ పొడి అంటుకుంటుంది. మంచి పైపు ముక్కను కాలితో తొక్కితే నొక్కుకుని మళ్లీ లేస్తుంది. ఇది తొక్కకుండానే పెచ్చులూడుతుంది.

ఇప్పుడు ఆ అక్షరాల సంగతి. మంచి పైపు మీద ప్రతి లెంతుకూ ఒక వరుస అచ్చు వేసి ఉంటుంది. కంపెనీ పేరు, ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు, పైపు సైజు, తరగతి లేదా ఒత్తిడి, ఏ బ్యాచిలో చేశారన్నది. ఆ లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తెలిసిపోతుంది. నిమిషం పని.

అందుకే మా కొట్టుకొచ్చే ప్రతి రైతు చేతికీ రెండు ముక్కలు ఇస్తాను. చదువు రాదని మొహమాటపడితే వెంట వచ్చిన కొడుకుకో మనవరాలికో ఇస్తాను. బూడిద రంగు ముక్క మీద వరుసను గట్టిగా చదవమంటాను. వాళ్లు ఒక్కో అంకె చదువుతుంటే అదేంటో చెబుతాను. తర్వాత ఎనిమిదో ముక్క తీసి చదవమంటాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తారు.

"దీని మీద ఏమీ లేదక్కా" అంటారు.

ఆ పైపు కొన్న రోజు మా నాన్న పక్కన నిలబడి ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు ఎవరైనా ఉండుంటే బాగుండేది.